పది పళ్ల గేరు

జూలై 3, గురువారం

ఈ రోజు నుంచి మెకానికల్ లాబు లేదు. ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే చెప్పారు. పోయినేడు మెకానికల్‌లో చేరినవాళ్లు నలుగురే. లాబు షెడ్డులో కంప్యూటర్లు పెడతారట. నాకు లైబ్రరీ కౌంటరు దగ్గర పని, జీతం అదే. ఆగస్టు ఐదులోపు సంతకం పెట్టి ఇమ్మని కాగితం చేతికిచ్చారు. అప్పటిదాకా మిగిలిన సెలవులు వాడుకోవచ్చన్నారు.

ఇరవై ఒక్క ఏళ్లు. సరే. లైబ్రరీలో ఫ్యాన్ ఉంటుంది. చేతులకు నూనె అంటదు. నాకేం బాధ లేదు.

మా ఆయన ఆనంద్ బాబు పాఠాలు చెప్పి బడి నుంచి వచ్చేటప్పటికి మంచి హుషారుగా ఉన్నాడు. రెండో తరగతి పిల్లలు ఎక్కాలు పాటలా పాడారట. వింటూ కూర్చున్నాను. రేపు చెప్తాను.

జూలై 4, శుక్రవారం

చెప్పలేదు. ఎప్పటిలాగే డబ్బా సర్దుకుని బయలుదేరాను. ఆనంద్ అప్పటికే స్కూటర్ మీద షాబాద్ బడికి వెళ్లిపోయాడు. బస్టాపు దాకా వచ్చాక కాలేజీ వైపు కాళ్లు పడలేదు. మెహదీపట్నం వైపు వెళ్తే తెలిసినవాళ్లు ఎదురవుతారు. చేవెళ్ల బస్సెక్కాను.

చేవెళ్లలో దిగి ఊరికే నడుస్తుంటే ఒక రేకుల షెడ్డు ముందు ఆకుపచ్చ కారు కనిపించింది. రెండే సీట్లు, పైకప్పు లేదు, నా నడుమంత ఎత్తు కూడా లేదు. ట్రాక్టర్లు బాగుచేసే చోట ఇంగ్లండు పాతకాలపు స్పోర్ట్స్ కారేమిటని నిలబడిపోయాను. వెనక చక్రాలు పైకి లేపి దిమ్మెల మీద ఆపారు. కింద పడుకున్న మనిషి మల్లప్ప, షెడ్డు ఆయనదే. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నావిడ అన్నపూర్ణ, బస్టాండు దగ్గరి స్టీలు సామాన్ల దుకాణం వాళ్లు. కారు ఆమెదట. అరవైకి దగ్గరగా ఉంటుంది వయసు.

"స్పీడు అరవై దాటితే చాలు, ఇంజను గొంతు చించుకుంటది. పెట్రోలు ఎట్ల తాగుతదో సమజైతలేదు. కార్బ్యురేటరు సాఫ్ జేసిన, ప్లగ్గులు మార్చిన. ఏం ఫరక్ లేదమ్మా" అని మల్లప్ప కిందనుంచే చెప్తున్నాడు.

ఆగలేకపోయాను. "వెనక ఇరుసుల గేరు పళ్లెన్ని ఉన్నయన్నా?" అని అడిగాను.

ఆయన బయటికి జరిగి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "మీరెవరు మేడం?"

"మొయినాబాద్ కాలేజీల మెకానికల్ లాబు చూస్త."

చూస్త అన్నాను. చూసేదాన్ని అనలేదు.

జూలై 7, సోమవారం

మళ్లీ వెళ్లాను. అన్నపూర్ణక్కే రమ్మంది కాబట్టి.

ఇంజను నుంచి వెనక్కి వచ్చే కడ్డీ మీద సుద్దముక్కతో గీత గీశాను. మల్లప్ప రెండు చక్రాలనూ కలిపి ఒక చుట్టు తిప్పించాడు. గీత నాలుగుసార్లు తిరిగి ఇంకో పావు వచ్చింది. ఇరుసు డబ్బా విప్పి లెక్కపెడితే చిన్న గేరుకు తొమ్మిది పళ్లు, పెద్దదానికి ముప్పై ఎనిమిది. నాలుగో గేరులో కడ్డీ, ఇంజను ఒకే వేగంతో తిరుగుతాయి. అంటే ఎనభై మీద వెళ్తుంటే ఇంజను నిమిషానికి మూడు వేల మూడొందల చుట్లు తిరగాలి. చిన్న ఇంజను, అన్ని చుట్లకూ రాపిడి, అన్ని చుట్లకూ పెట్రోలు.

ఇదే రకం కార్లలో తర్వాత వచ్చినవాటికి పది పళ్లు, ముప్పై తొమ్మిది పళ్ల జత ఉంటుంది. అది వేస్తే అదే వేగానికి రెండొందల యాభై చుట్లు తగ్గుతాయని కాగితం మీద వేసి చూపించాను.

మల్లప్ప ఒప్పుకోలేదు. "చుట్లు తగ్గితే దమ్ము గుడ తగ్గుతది మేడం. ఎత్తుమీద ఎట్ల గుంజుతది? మల్ల మూడో గేరుకే దింపాలె. అటు మిగిలింది ఇటు పాయె."

ఆయన అన్నది తప్పు కాదు. ఒక లెక్చరర్ కూడా ఇంత సూటిగా అడిగింది లేదు నన్ను. సాయంత్రం దాకా వాదించుకున్నాం. ఆకలి కూడా గుర్తు రాలేదు. డబ్బా అట్లాగే ఇంటికి తెచ్చి, ఇల్లు చేరేముందు వీధి కుక్కకు పెట్టాను.

జూలై 8

రేపు చెప్తాను.

జూలై 10, గురువారం

అన్నపూర్ణక్క కారు కథ. నాలుగేళ్ల కింద జన్వాడలో ఒక ఫామ్‌హౌస్‌కు పెళ్లి వంట గిన్నెలు ఇవ్వడానికి వెళ్లిందట. అక్కడ టార్పాలిన్ కింద పదకొండేళ్లుగా పడి ఉన్నది ఈ బండి. టార్పాలిన్ లేపి చూసి, యజమానిని నేరుగా అడిగేసింది.

"మావాళ్లల్ల ఆడోళ్లు బంగారం అడుగుతరు, చీరలడుగుతరు. నేను కారడిగిన. మా ఆయనకు వారం రోజులు మాట రాలే" అని నవ్వింది.

ఆమె భర్త బాలకిషన్. దుకాణంలో కూర్చుంటాడు, మంచి మనిషే. పోయిన నెల కారు వికారాబాద్ రోడ్డు మీద పెట్రోలు అయిపోయి ఆగిపోతే ట్రాక్టరుకు కట్టి బజారు మధ్యలోంచి లాక్కొచ్చారు. దుకాణం ముందు నుంచే. అప్పటినుంచి ఆయన ఒకటే మాట: ఇక చాలు, ఎక్కడిది అక్కడికి పంపు.

ఆగస్టు 3న సిటీలోని పాత కార్ల క్లబ్బువాళ్లు మైలేజ్ పోటీ పెడుతున్నారు. మొయినాబాద్ నుంచి అనంతగిరి గుట్ట ఎక్కి మళ్లీ మొయినాబాద్. అందులో ఎక్కడా మొరాయించకుండా, ఎవరూ లాగకుండా తిరిగొస్తే కారు ఉంచుకోవచ్చని భార్యాభర్తల ఒప్పందం.

"ఇది నా ఇజ్జత్ కా సవాల్, ఎస్తేర్" అంది. తర్వాత తనే, "ఇజ్జత్ గాదు. పొద్దుగాల దీంట్ల కూసుంటే గాలి మొఖానికి కొడ్తది సూడు, గది పోతదని భయం" అంది.

జూలై 16, బుధవారం

వేసే చూద్దామని అన్నపూర్ణక్క తెప్పించిన గేరు జత పుణె నుంచి వచ్చింది. పది, ముప్పై తొమ్మిది. గోనెసంచిలో చుట్టి, పైన మరాఠీ పేపరు. పాతదే కానీ పళ్ల అంచులు పదునుగా ఉన్నాయి.

జూలై 18, శుక్రవారం

మూడు రోజుల పని. పళ్లకు నీలం రంగు పూసి తిప్పి, రంగు ఎక్కడ చెదిరిందో చూడటం, సన్నని వాషరు మార్చి మళ్లీ పూయడం. మొదట పళ్ల మొనల దగ్గర చెదిరింది, తర్వాత మొదళ్ల దగ్గర. ఏడోసారి సరిగ్గా నడిమధ్యన, కోడిగుడ్డు ఆకారంలో పడింది. మల్లప్ప లేచి వెళ్లి రెండు చాయ్‌లు తెచ్చాడు.

చీర కొంగుకు నీలం మరక అంటింది. ఆనంద్ చూశాడు. "పరీక్షల సిరానా?" అన్నాడు. అవునన్నాను.

అవునని ఎందుకన్నాను?

జూలై 20, ఆదివారం

చర్చిలో ఒక్కొక్కరూ తమకు జరిగిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ నా వంతు దాటేయమని తల ఊపాను. ఆరోగ్యం బాగాలేదని ఆనంద్ అందరికీ చెప్పాడు.

లైబ్రరీ మంచిదే అని మళ్లీ అనుకున్నాను. ఇదంతా పది రోజుల సరదా.

జూలై 23, బుధవారం

బెడిసికొట్టింది అంతా.

గేరు మార్చకముందు చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు నాలుగుసార్లు తిప్పి చూశాం. ట్యాంకు నిండా పోసి, తిరిగొచ్చాక మళ్లీ నింపితే లీటరుకు పదకొండు పాయింట్ ఎనిమిది వచ్చింది. ఈసారి అటువైపు రోడ్డు పనులని మన్నెగూడ వైపు వెళ్లాం. ఇంజను ఎంత నెమ్మదిగా పాడిందో. అన్నపూర్ణక్క, నేను మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం, అరవలేదు. తీరా నింపి లెక్క వేస్తే లీటరుకు పదకొండు పాయింట్ ఆరు. తగ్గింది.

రెండుసార్లు భాగించాను. అదే.

"నేను సెప్పిన గద మేడం" అన్నాడు మల్లప్ప. ఎగతాళి లేదు ఆ మాటలో. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"పాతదే ఎక్కిద్దామా మల్ల?" అంది అన్నపూర్ణక్క. "పోటీ ఇంక పది రోజులే ఉన్నది."

ఎక్కించమన్నాను. ఇంటికి వచ్చి లైబ్రరీ కాగితం తీసి పెన్ను కోసం వెతికాను. పెన్ను దొరికింది. సంతకం పెట్టలేదు, ఎందుకంటే వాన మొదలై బట్టలు తీయాల్సి వచ్చింది.

జూలై 24, గురువారం

వెళ్లలేదు. సంగారెడ్డి రోడ్డు దాకా నడిచి వెనక్కి వచ్చాను.

జూలై 25, శుక్రవారం

వెళ్లాను. పాత జత ఎక్కించేటప్పుడు నేను లేకపోవడం బాగుండదనిపించింది. మల్లప్ప ఇంకా విప్పనే లేదు. మొయినాబాద్‌లో ఎవరికో స్టీలు డ్రమ్ములకు ఆర్డరు ఇవ్వాలని అన్నపూర్ణక్క కారు తీస్తోంది. విప్పకముందు ఒక్కసారి తిప్పొద్దామని నన్నూ ఎక్కించుకుంది. రోడ్డు పనులు అయిపోయాయి.

మొయినాబాద్ చౌరస్తాలో ఆగినప్పుడు అలవాటుగా మీటరు చూశాను. షెడ్డు నుంచి సరిగ్గా పదిహేను కిలోమీటర్లు. పర్సులోంచి పాత చీటీ తీశాను. గేరు మార్చకముందు అదే షెడ్డు, అదే చౌరస్తా, పదహారు పాయింట్ రెండు.

గేరు మారింది సరే, రోడ్డు కుదించుకుపోదు కదా.

"అక్కా, జర మెల్లగ వాపస్ పోనియ్. కిలోమీటరు రాళ్లు చూడాలె."

కొన్ని రాళ్లు రోడ్డు వెడల్పులో పోయాయి. మిగిలినవి చాలు. రాళ్లను బట్టి పది కిలోమీటర్లు నడిస్తే మీటరులో తొమ్మిదింపావు కూడా తిరగలేదు. షెడ్డుకు రాగానే మల్లప్పను అడిగాను, మీటరుకు తిరగడం ఎక్కడినుంచి వస్తుందని.

"గేరు డబ్బా తోకకెళ్లి తీగె వస్తది. చక్రంకెళ్లి రాదు" అన్నాడు. అని, చేతిలోని స్పానరు అట్లాగే పట్టుకుని ఆగిపోయాడు. "అరె."

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మీటరు కొలిచేది చక్రాన్ని కాదు, ఇరుసుకు ముందున్న కడ్డీని. మేం కడ్డీ చుట్లే తగ్గించాం. కాబట్టి కారు నిజంగా నూరు నడిస్తే మీటరు తొంభై రెండే చెప్తుంది. మొన్నటి పదకొండు పాయింట్ ఆరును సరిచేస్తే పన్నెండున్నర. అంటే లీటరుకు ముప్పావు కిలోమీటరు దాకా పెరిగింది.

ఇరవై ఒక్క ఏళ్లు పిల్లలకు చెప్పాను, కొలిచే ముందు కొలిచేదాన్ని నమ్మొచ్చో లేదో చూసుకోండని. నేనే చూసుకోలేదు.

అన్నపూర్ణక్క లెక్క మొత్తం విని, "అంటే ఇన్ని దినాలు నా బండి మంచిగనే ఉన్నది, మనమే బద్నాం జేసినం" అంది. మల్లప్ప తెల్లకాగితం ముక్క మీద 'నూటికి ఎనిమిది కలుపు' అని రాసి మీటరు పక్కన అంటించాడు. ఆయన అక్షరాలు బాగుంటాయి.

ఇంటికొస్తూ బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. పక్క సీటు ఆవిడ కిటికీ వైపు జరిగింది.

జూలై 28, సోమవారం

మల్లప్ప సగం సరైనవాడే. చేవెళ్ల బజారులో, ఆగుతూ కదులుతూ నడిపితే కొత్త గేరుకు లాభమే లేదు. అన్నపూర్ణక్కకు ఇంకో అలవాటు ఉంది. పెద్ద గేరంటే పెట్రోలు తక్కువని ఎవరో చెప్పారట, ముప్పై దగ్గరే నాలుగో గేరులో వేసేస్తుంది. ఇంజను వణుకుతుంది, ఆమె ఇంకా తొక్కుతుంది. ముందు తొమ్మిది పళ్లతో ఎట్లాగో ఓర్చుకుంది. ఇప్పుడు ఓర్చుకోదు.

"యాభై దాటినంకనే నాలుగు" అన్నాను.

"గుట్ట మీద మూడుల పట్టుకొని గుంజొద్దమ్మా" అన్నాడు మల్లప్ప. "బండి అడగకముందే రెండుకు దింపాలె. అడిగినంక దింపితే పెట్రోలు పోయినట్టే."

సాయంత్రం దాకా మూడు నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు. ఆమె ఎడమ చేయి నొప్పి పెట్టింది. రేపు మళ్లీ అంది.

జూలై 30, బుధవారం

పోటీ ఆదివారం. పొద్దున ఏడింటికి మొదలు. నేను పక్క సీట్లో కూర్చోవాలట, గేర్లు చెప్పడానికి. సరేనన్నాను.

ఆదివారం చర్చి. ఆనంద్‌కు ఏమని చెప్పను? పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో నేను ఒంట్లో బాగుండీ ఆరాధనకు వెళ్లని ఆదివారం లేదు. కాలేజీలో పని ఉందని చెప్పొచ్చు. ఆ వాక్యం రాసి చూసుకుంటే చదవబుద్ధి కాలేదు.

ఆగస్టు 2, శనివారం

చెప్పాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, ఆయన పిల్లల నోటుబుక్కులు దిద్దుతుండగా. లాబు మూసేశారని, జూలై మూడునే అని, రోజూ వెళ్లేది చేవెళ్లకని, నీలం మరక సిరా కాదని. రేపటి పోటీ కూడా. చెప్తుంటే ఏడుపొచ్చింది. బాధ లేదని మొదటి రోజే ఇందులో రాసుకున్నాను. ఉంది. ఆ షెడ్డులో ప్రతి లేత్ మెషీన్ చప్పుడూ నాకు వేరువేరుగా తెలుసు.

ఆనంద్ ఎర్ర పెన్ను మూత పెట్టాడు.

"లాబు మూసిండ్రు, నువ్వేం జేస్తవు దానికి" అన్నాడు. "నెల రోజులు డబ్బా పట్టుకొని పోయినవు. నేను రోజు అడిగిన, ఎట్లయింది ఇయ్యాల అని. బానే అయింది అన్నవు."

"నిజంగనే బానే అయింది" అన్నాను.

ఆయన నోటుబుక్కులు తీసుకుని బయట వరండాలో కూర్చున్నాడు. రాత్రి భోజనం వేళ ఉప్పు అందించమన్నాడు. అంతే.

ఆగస్టు 3, ఆదివారం

ఆయన నిద్ర లేవకముందే బయలుదేరాను. టీ పెట్టి మూత వేసి వచ్చాను.

పద్నాలుగు కార్లు. నిగనిగలాడే పెద్దపెద్ద బండ్ల మధ్య మాది మోకాళ్ల మీద కూర్చున్న పిల్లలా ఉంది. ప్రతి కారుకూ ట్యాంకు అంచుదాకా నింపి మూతకు కాగితం సీలు వేశారు. తిరిగొచ్చాక ఎంత పడుతుందో అదే ఖర్చు. దూరం క్లబ్బువాళ్లు ముందే కొలిచారు, నూట పద్దెనిమిది. మా మీటరుతో పనిలేదు.

చేవెళ్ల దాకా ఎండ. డెబ్బై మీద నాలుగో గేరులో ఇంజను ఎంత నిమ్మళంగా ఉన్నదంటే అన్నపూర్ణక్క భజన పాట ఎత్తుకుంది. దుకాణం ముందు బాలకిషన్ నిలబడి ఉన్నాడు. చెయ్యి ఊపలేదు, ఊపకుండానూ ఉండలేదు. లేపి, తల గోక్కున్నాడు.

అనంతగిరి మొదట్లో వాన. పైకప్పు గుడ్డ వేయడానికి ఆగితే మళ్లీ ఎత్తు మీద కదలాలి. "తడుద్దాం" అంది అక్క. తడిశాం. మొదటి మలుపులో నేను చెప్పకముందే రెండుకు దింపింది. రెండో మలుపులో ముందు పోతున్న నల్ల కారు ఆగింది. మేం ఆగి, మొదటి గేరులో కదలాల్సి వచ్చింది. కొత్త గేరుతో అది బరువే. ఇంజను గొణిగింది, క్లచ్చు వాసన వచ్చింది. అక్క మాత్రం పసిపిల్లను నడిపించినట్టు ఓపికగా వదిలింది కాలిని. కదిలాం. కళ్లద్దాల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వుతోంది ఆమె.

తిరిగొచ్చాక తొమ్మిది లీటర్ల ఆరొందలు పట్టింది. లీటరుకు పన్నెండు పాయింట్ మూడు. గుట్ట ఎక్కి, వానలో ఆగి కూడా. పద్నాలుగు కార్లలో ఐదోస్థానం. కప్పు మొదటి మూడింటికే. అన్నపూర్ణక్క కప్పుల వైపు చూడను కూడా లేదు. భర్తకు ఫోన్ చేసి, "ఎవ్వలు గుంజలే. నా అంతల నేనే వచ్చిన" అంది. అటునుంచి ఆయన ఏమన్నాడో గానీ ఆమె ముఖం ఎర్రబడింది. "పొద్దుగాల్నా? నీ నడుము వంగుతదా దీంట్ల కూసుంటే?" అంటోంది.

ఇంటికి తడిబట్టలతో చేరాను. ఆనంద్ చర్చి నుంచి వచ్చి ఉన్నాడు. ఎస్తేర్ రాలేదేమని పాస్టరు గారు అడిగారట.

"ఏం చెప్పినవు?"

"కార్ల పోటీల ఉన్నది అని చెప్పిన" అన్నాడు. టవల్ అందించి, మళ్లీ వరండాలోకి వెళ్లాడు.

ఆగస్టు 4, సోమవారం

పొద్దున తనే అడిగాడు. "ఎన్నోది వచ్చిన్రు?"

"ఐదు."

"గేరు ఎక్కువ పళ్లయితే పెట్రోలు ఎట్ల తగ్గుతది?"

పప్పు గుత్తి తిప్పి చూపించాను. ఒక చుట్టుకు ఎంత ఎక్కువ దూరం పోతే అంత తక్కువ చుట్లు, చుట్లు తగ్గితే ఊరికే పోయే రాపిడి తగ్గుతుందని. మరీ తగ్గిస్తే ఎత్తు ఎక్కలేదనీ, ఆ మధ్యన ఎక్కడ ఆపాలో చూసుకోవడమే పనంతా అనీ. ఆనంద్ రెండో తరగతికి ఎట్లా చెప్పొచ్చో ఆలోచిస్తున్నట్టు తల వంచి విన్నాడు. ఆలస్యమైందని స్కూటర్ తీశాడు. గేటు దాకా వెళ్లి ఆగి, "నాకు కోపం పోలే ఇంక" అన్నాడు.

తెలుసన్నాను.

షెడ్డుకు వెళ్లాను. మల్లప్ప మాటల్లో మాటగా, నల్ల కారాయన ఫోన్ చేశాడని చెప్పాడు. నిన్న గుట్ట మీద ఆగిందే, ఆ కారు. వెనక ఇరుసులో చప్పుడట. "మా మేడం చూస్తది, బుధవారం తెమ్మన్న" అన్నాడు. నన్ను అడగలేదు. నేనూ ఏమీ అడగలేదు.

ఆగస్టు 5, మంగళవారం

కాగితం సంతకం లేకుండా తిరిగిచ్చాను. "లైబ్రరీ సుఖంగా ఉంటుంది మేడం, ఇంకోసారి ఆలోచించండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"సుఖంగనే ఉంటది సార్. చేవెళ్లల పని దొరికింది" అన్నాను. బయటికొస్తూ లాబు షెడ్డు వైపు చూశాను. గోడలకు తెల్లరంగు వేస్తున్నారు. కాసేపు నిలబడి వచ్చేశాను.

సాయంత్రం ఆనంద్‌కు అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఏ మాటా మిగుల్చుకోలేదు. విన్నాడు.

"రేపు ఎన్నింటికి పోవాలె?"

"తొమ్మిదికి."

"నేను దింపి షాబాద్ పోత. జర సుట్టయితది, ఏం గాదు."

"హెల్మెట్ ఒకటే ఉన్నది గదా" అన్నాను.

టేబుల్ మీది సంచి చూపించాడు. లోపల ఇంకో హెల్మెట్, ధర చీటీ కూడా తీయలేదు. పెట్టుకుని చూశాను. కొంచెం వదులు. ఆయన దగ్గరికొచ్చి గడ్డం కింది పట్టీ రెండు పట్లు బిగించాడు.